మనసు ఆర్‌ఎక్స్-8 మీద, భయం ఇంజిన్ మీద

ప్రశ్న: ఒక స్పోర్ట్స్ కూపే కొనుక్కోవాలని చాలా ఏళ్లుగా డబ్బు దాచుకుంటున్నాను. కొత్తది నా వల్ల కాదు. సెకండ్ హ్యాండ్‌లో వెతికి వెతికి రెండు కార్ల దగ్గర ఆగాను. ఒకటి 2005 మోడల్ మాజ్డా ఆర్‌ఎక్స్-8. 231 హార్స్ పవర్ రకం, 88 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ రీబిల్డ్ చేయించానని అమ్మే ఆయన చెప్తున్నాడు, బిల్లులు మాత్రం లేవంటున్నాడు. రెండోది 2004 నిస్సాన్ 350జెడ్. లక్షా 30 వేల కిలోమీటర్లు తిరిగింది, మొదటి నుంచీ ఒకే యజమాని, ప్రతి సర్వీసుకీ కాగితం ఉంది. ధరలు దాదాపు ఒకటే. ఆఫీసు ఇంటికి నాలుగు కిలోమీటర్లు. కొన్న కారులోనే రోజూ వెళ్లాలని ఆశ. ఇంట్లో ఒక చిన్న కారు కూడా ఉంది, వారంలో చాలా రోజులు అది ఖాళీగానే ఉంటుంది. ఆదివారాలు మా ఆవిడను, ఐదేళ్ల పాపను తీసుకుని దూరంగా డ్రైవ్‌కి వెళ్లాలని ఉంది. ఆర్‌ఎక్స్-8 చూడ్డానికి వెళ్లినప్పుడు పాప దాని వెనక సీట్లోంచి దిగనంది. మా బావ మాత్రం దానిలో ఉన్న రోటరీ ఇంజిన్ జోలికే పోవద్దంటున్నాడు. జెడ్‌కి పవర్ ఎక్కువ, నమ్మకమూ ఎక్కువ. మనసేమో ఆర్‌ఎక్స్-8 మీద ఉంది. ఏది కొనమంటారు?

సమాధానం: ముందు మీ బావగారి మాట తేల్చుకుందాం, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. ఆయన ఉత్తినే భయపెట్టడం లేదు. సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్-8 కొని ఆరు నెలలు తిరక్కుండానే ఇంజిన్ దింపాల్సి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే ఆ ఇంజిన్ ఎందుకు పాడవుతుందో తెలిస్తే, ఏ కారు దగ్గర ఆగాలో, ఏ కారు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి రావాలో మీకే తెలుస్తుంది.

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంది. రోటరీలో పిస్టనే లేదు. నడుము దగ్గర కాస్త నొక్కినట్టు కోలగా ఉండే గదిలో మూడు మూలల రోటర్ ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆర్‌ఎక్స్-8లో అలాంటివి రెండు, ఒక్కోదానికి 654 సీసీ. రోటర్ ప్రతి మూలకూ ఒక సన్నటి లోహపు పట్టీ ఉంటుంది. దాన్ని అపెక్స్ సీల్ అంటారు. రోటర్ తిరుగుతున్నంతసేపూ ఆ సీల్ గది గోడను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి తట్టుకోవడానికి ఒక చిన్న పంపు ఇంజిన్ ఆయిల్‌ని కొద్దికొద్దిగా లోపలికి చల్లుతుంది, అది పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. అందుకే ఆర్‌ఎక్స్-8 ఆయిల్ తాగితే అది జబ్బు కాదు. ఆ కారును అలాగే తయారుచేశారు. కానీ మామూలు కారు వాడినట్టు సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ ముట్టుకోని యజమాని చేతిలో పడితే ఆయిల్ అడుగంటుతుంది, సీళ్లు ఎండి అరుగుతాయి, కంప్రెషన్, అంటే లోపలికి వచ్చిన గాలిని గట్టిగా నొక్కిపట్టే బలం, పోతుంది.

ఇది ఒక కారణం. రెండో కారణం స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిళ్లు. రోటర్‌కి రెండు స్పార్క్ ప్లగ్‌ల చొప్పున నాలుగు ప్లగ్‌లు, నాలుగు కాయిళ్లు ఉంటాయి. కాయిల్ బలహీనపడిన సంగతి డ్రైవర్‌కి వెంటనే తెలియదు. కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, కన్వర్టర్ వేడెక్కి కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోయే దారి లేక ఆ వేడంతా మళ్లీ ఇంజిన్ మీదికే వస్తుంది. ఈ కారును ప్రేమించి ఏళ్ల తరబడి నిలుపుకున్నవాళ్లు కాయిళ్లను 50 వేల కిలోమీటర్లు దాటనివ్వరు, బాగానే పనిచేస్తున్నా మార్చేస్తారు.

మూడో కారణం మీ ఆఫీసు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా చెప్పాలి. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో రోటరీ ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువగా పడుతుంది, అది పూర్తిగా కాలదు, మసి పేరుకుంటుంది. సాయంత్రం మళ్లీ అదే కథ. ఇంకా ప్రమాదం ఏమిటంటే, పార్కింగ్‌లో కారు కాస్త పక్కకు జరపడానికి స్టార్ట్ చేసి నిమిషంలో ఆపేయడం. లోపల మిగిలిన పెట్రోల్ ప్లగ్‌లను తడిపేస్తుంది, తర్వాత ఎంత తాళం తిప్పినా ఇంజిన్ అందుకోదు. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి స్టార్టర్ తిప్పితే పెట్రోల్ చల్లడం ఆగి లోపలి తడి బయటికి పోతుంది. ఈ చిట్కా నేర్చుకుని ఉంచుకోండి. కానీ రోజూ ఆ అవసరం వచ్చేలా వాడితే ఆ కారు మీ దగ్గర ఎక్కువ కాలం ఉండదు.

కాబట్టి ఆర్‌ఎక్స్-8 కొంటే ఆఫీసుకి చిన్న కారులోనే వెళ్లాలి. ఈ షరతుకి ఒప్పుకోలేకపోతే ఇక్కడే ఆగి 350జెడ్ వైపు చూడండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఎందుకంటే ఆ జెడ్ మంచి కారు, పైగా మీరు చూసింది మంచి చేతుల్లో పెరిగిన కారు. 1969లో మొదలైన జెడ్ వరసలో 2002లో వచ్చిన తరం ఇది. ముందున్న 3.5 లీటర్ల వీ6 ఇంజిన్ సుమారు 280 హార్స్ పవర్ ఇస్తుంది, టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 360 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఆర్‌ఎక్స్-8 టార్క్ 211 మాత్రమే. కాగితం మీద పవర్ తేడా 50 లాగా కనిపిస్తుంది గానీ రోడ్డు మీద మీకు తెలిసేది ఈ టార్క్ తేడాయే. జెడ్‌లో మూడో గేర్‌లో నెమ్మదిగా పోతూ కాలు నొక్కితే చాలు, వీపు సీటుకి అతుక్కుంటుంది. ఆర్‌ఎక్స్-8లో ఆ పని జరగాలంటే రెండు గేర్లు దించి ఇంజిన్ వేగం చూపే సూదిని నిమిషానికి ఆరు వేల చుట్లు దాటించాలి. దాటాక అది తొమ్మిది వేల దాకా ఎక్కడా అదరకుండా, వణక్కుండా పోతుంది. అలాంటి అనుభవం ఇంకే ఇంజిన్‌లోనూ నాకు కనిపించలేదు. అయితే అందరికీ ప్రతిరోజూ అదే కావాలని ఉండదు కదా.

2004 మోడల్ కావడం కూడా జెడ్‌కి కలిసొచ్చింది. 2005, 2006ల్లో కొన్ని మాన్యువల్ కార్లకు వేసిన 300 హార్స్ పవర్ ఇంజిన్‌కి ఆయిల్ తాగే జబ్బు ఉందని పేరు. మీ కారు దానికి ముందుది. టైమింగ్‌కి బెల్టు కాకుండా చెయిన్ ఉంటుంది కాబట్టి ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. ముందు టైర్ల లోపలి అంచు మీద అరచేతితో ఒకసారి ముందు నుంచి వెనక్కి, ఒకసారి వెనక నుంచి ముందుకి నిమరండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా గరుకుగా తగిలితే అలైన్‌మెంట్ పోయిందని లెక్క. మొదటి ఏళ్ల 350జెడ్‌లకు ఇది బాగా తెలిసిన సమస్య, నడుస్తుంటే ముందు నుంచి హోరుమని చప్పుడు కూడా వస్తుంది. కారు కిందికి వంగి ముందు చక్రాలను కారుకి కలిపే సస్పెన్షన్ కడ్డీల చివర ఉండే పెద్ద రబ్బరు బుష్‌లు చూడండి. వాటి లోపల ద్రవం ఉంటుంది. పగిలితే చుట్టూ నల్లటి తడి మరక కనిపిస్తుంది, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నడిపి, గేర్లు పైకి వేసేటప్పుడు కరకరమంటున్నాయేమో వినండి. అద్దాలు దింపే మోటార్లు మొరాయిస్తాయి, అది చిన్న ఖర్చు. ఇవన్నీ బేరం తగ్గించుకునే విషయాలే గానీ కారు వద్దనుకునేంత పెద్దవి కావు.

మరి జెడ్ కొనమని ఎందుకు చెప్పడం లేదు?

మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. కారు దేనికో మీరే రాశారు: ఆదివారం, మీ ఆవిడ, పాప, మీరు. మీరు చూసిన జెడ్‌లో ఉన్నవి రెండు సీట్లు. వెనక ఇరుక్కుని కూర్చునే చిన్న సీటు కూడా లేదు. సీట్ల వెనక ఉన్నది డిక్కీ, ఆ డిక్కీకి అడ్డంగా కారు బిగువు కోసం వేసిన లావుపాటి కడ్డీ ఒకటి ఉంటుంది, దానివల్ల పెద్ద సూట్‌కేసు పెట్టడం కూడా కష్టమే. ముగ్గురూ కలిసి వెళ్లే ప్రతి ఆదివారం ఆ చిన్న కారే బయటికి వస్తుంది. ఏళ్ల తరబడి దాచిన డబ్బుతో కొన్న కూపే ఇంట్లో ఉంటుంది. ఒక్కరే సరదాగా నడుపుకోవడానికో, ఇద్దరే తిరగడానికో అయితే ఈ రెండు కార్లలో నేను ఆ జెడ్‌నే ఎంచుకోమనేవాణ్ని, అందులో సందేహం లేదు. మీరు అడిగింది అది కాదు.

ఆర్‌ఎక్స్-8 వెనక సీట్లు పేరుకి పెట్టినవి కావు. ముందు తలుపు తెరిచాక వెనక తలుపు వెనక్కి తెరుచుకుంటుంది, మధ్యలో స్తంభం ఉండదు. పాపను చైల్డ్ సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టడానికి మీ ఆవిడ నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు. ఒక మోస్తరు ఎత్తున్న పెద్దవాళ్లూ వెనక కూర్చోగలరు. ఇంజిన్ చిన్నది, తేలికైనది కావడంతో దాన్ని ముందు ఇరుసుకి వెనగ్గా, కిందికి దించి కూర్చోబెట్టారు, బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం పంచుకుంటుంది. మలుపుల్లో అది ఎంత సుఖంగా తిరుగుతుందో నడిపి చూసే ఉంటారు. నలుగురు కూర్చోగలిగి ఇంత సున్నితంగా తిరిగే కారు ఆ రోజుల్లోనే అరుదు. మీ మనసు దాని మీదికి పోవడం ఊరికే కాదు. ఆ కారు మీ అవసరానికి నిజంగా సరిపోతుంది.

అయితే ఆర్‌ఎక్స్-8 మీకు సరైన కారు అన్నంత మాత్రాన ఆ ఆర్‌ఎక్స్-8 సరైనదని కాదు.

నాకు నచ్చని మాట ఒక్కటే: రీబిల్డ్ అయింది, బిల్లులు లేవు. ఇంజిన్ దింపి విప్పి కట్టించడం చిన్న ఖర్చు కాదు. అంత ఖర్చు పెట్టినవాడు కారు అమ్మే రోజున ముందుగా చూపించేది ఆ కాగితమే. పోనీ నిజంగానే చేయించాడనుకుందాం. అప్పుడు ఏం మార్చారన్నది తెలియాలి. సీళ్లు మాత్రమే కొత్తవి వేసి, అరిగిన గోడలున్న పాత హౌసింగ్‌లనే, అంటే రోటర్ తిరిగే గదులనే, మళ్లీ బిగిస్తే ఆ ఇంజిన్ ఎన్నాళ్లు నడుస్తుందో ఎవరూ మాటివ్వలేరు. హౌసింగ్ లోపలి గోడకి క్రోమ్ పూత ఉంటుంది, అది అంచుల దగ్గర లేచిపోతే కొత్త సీల్‌ని కూడా కొద్దిరోజుల్లోనే తినేస్తుంది. చేసిన వర్క్‌షాప్ పేరు అడగండి. ఫోన్ చేసి, ఏ భాగాలు మార్చారో వాళ్ల నోటి నుంచే వినండి. పేరే గుర్తులేదంటే రీబిల్డ్ జరగలేదనే లెక్కేసుకుని, 88 వేల కిలోమీటర్లు తిరిగిన పాత ఇంజిన్‌కి ఎంత ఇవ్వొచ్చో అంతే ఆలోచించండి.

ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇది చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. మామూలు మెకానిక్ దగ్గరుండే గేజి దీనికి పనికిరాదు. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, ఒక్కో ముఖానికీ గది గోడకీ మధ్య విడిగా ఒక అర ఉంటుంది. మామూలు గేజి ఆ మూడింటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెను పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. రెండు ముఖాలు బాగుండి మూడోది చచ్చిపోయినా మీకు కనిపించేది మంచి అంకే. రోటరీ కోసమే చేసిన టెస్టర్ కావాలి. అది ఒక్కో రోటర్‌కి మూడు చొప్పున మొత్తం ఆరు అంకెలిస్తుంది. స్టార్టర్ ఎంత వేగంగా తిప్పిందో కూడా చెప్పి, నిమిషానికి 250 చుట్ల లెక్కకి సరిచేస్తారు. ఆ లెక్కలో చదరపు సెంటీమీటరుకు 6.9 కిలోలు కనీస హద్దు. కొత్త ఇంజిన్ 8.5 దగ్గర ఉంటుంది. రీబిల్డ్ అయిందన్న ఇంజిన్ ఏడున్నరకి దిగువన ఉంటే నేను నమ్మను. అంకెలు ఎంత పెద్దవన్నదే కాదు, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదీ చూడాలి. ఒకే రోటర్‌లో మూడు అంకెల మధ్య తేడా 1.5 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య 1 దాటకూడదు. ఒకే రోటర్‌లో మూడింటిలో రెండు అంకెలు బాగా పడిపోయాయంటే ఆ రెండు ముఖాల మధ్య మూల సీల్ విరిగిందనో, ఇరుక్కుందనో అర్థం.

టెస్టర్ ఉన్న వర్క్‌షాప్ దొరికేలోపు మీరే చేయగల పని ఒకటుంది. కారు చూడ్డానికి వెళ్లినప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందు ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకోరోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూశాక అరగంట గట్టిగా నడపండి, ఆపి, పది నిమిషాలు కబుర్లు చెప్తూ గడపండి. మళ్లీ తాళం తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ వెంటనే అందుకుంటుంది. అరిగిన ఇంజిన్ వేడిలోనే బయటపడుతుంది, స్టార్టర్ అలా తిరుగుతూనే ఉంటుంది, ఎప్పటికో మూలుగుతూ లేస్తుంది. ఒక జాగ్రత్త. మాజ్డా తర్వాత తెచ్చిన బలమైన స్టార్టర్ వేయిస్తే ఇంజిన్ వేగంగా తిరిగి, ఈ లోపం కొన్నాళ్లు కనిపించదు. అందుకే కొత్త స్టార్టర్, కొత్త బ్యాటరీ వేసిన కారంటే సంతోషపడకుండా, ఎందుకు మార్చారని అడగండి. వేడి స్టార్ట్ బాగుందని కంప్రెషన్ పరీక్ష మానేయొద్దు కూడా.

వెనక చక్రాల పైన ఉండే బాడీ వంపులు, తలుపుల కింది అంచులు తుప్పు కోసం చూసుకోండి. మిగతా బాడీ, గేర్ బాక్స్ గట్టివే.

ఇప్పుడు అసలు సలహా. పరీక్షకి అమ్మే ఆయన ఒప్పుకుని, ఆరు అంకెలూ బాగుంటే, ఆఫీసు ప్రయాణం చిన్న కారుకి వదిలేయడానికి మీరు సిద్ధపడితే, ఆర్‌ఎక్స్-8 కొనండి. మీ బావగారికి ఆ రిపోర్టు చూపించండి, ఆయన భయానికి అదే జవాబు. కొన్న వారంలోనే నాలుగు కాయిళ్లు, వైర్లు, ప్లగ్‌లు మార్చేయండి. పాతవి ఎప్పటివో మీకు తెలియదు కాబట్టి ఇది కారు ధరలో భాగమే అనుకోండి. రెండుసార్లు పెట్రోల్ పోయిస్తే ఒకసారి డిప్‌స్టిక్ చూడటం అలవాటు చేసుకోండి, డిక్కీలో ఎప్పుడూ ఒక లీటర్ ఆయిల్ ఉంచండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ప్రయాణానికి ఒకసారైనా ఎర్ర గీత దాకా తీసుకెళ్లండి. ఇది సరదా కోసం చెప్పడం లేదు, మసి పేరుకోకుండా ఉండాలంటే ఆ ఇంజిన్ గట్టిగా తిరగాలి. మైలేజీ గురించి మాత్రం ఆశ పెట్టుకోవద్దు. దానికంటే రెండున్నర రెట్లు పెద్ద ఇంజిన్ ఉన్న జెడ్ కన్నా ఇది పెట్రోల్ ఏమీ తక్కువ తాగదు.

అంకెలు బాగాలేకపోతే, లేదా ఆయన పరీక్షకి ఒప్పుకోకపోతే, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒప్పుకోనివాడికి జవాబు ముందే తెలుసు. అప్పుడు చాలామంది చేసే పని, పోనీలే అని పక్కనున్న జెడ్ కొనేయడం. మీరు అలా చేయొద్దనే నేను ఇంత రాస్తున్నాను. ఆర్‌ఎక్స్-8 కుదరలేదని రెండు సీట్ల కారు కొంటే, కారు ఎంత మంచిదైనా మొదటి ఆదివారమే మీకు లోటు తెలుస్తుంది. ఇంకొన్ని నెలలు ఆగి వేరే ఆర్‌ఎక్స్-8 వెతకండి. కుదిరితే 2008 తర్వాత మార్పులు చేసి వదిలిన రెండో విడత కార్లు చూడండి. వాటిలో ఆయిల్ చల్లే నాజిల్‌ని ఒక్కో రోటర్‌కి ఒకటి పెంచారు, అంటే ఇంతసేపూ మనం మాట్లాడుకున్న సీళ్ల బాధ మీదే మాజ్డా పనిచేసింది. 2012లో తయారీ ఆపేశారు కాబట్టి దొరికేవి తక్కువే. ధర కొంచెం ఎక్కువ పెట్టాల్సి రావచ్చు, ఆ తేడా ఒక ఇంజిన్ రీబిల్డ్ ఖర్చుతో పోలిస్తే ఏపాటిది?

ఇక రోజూ ఆఫీసుకి కూపేలోనే వెళ్లాలన్న కోరిక ఆదివారాల కన్నా మీకు ముఖ్యమైతే, ఆ మాట ఇంట్లో కూర్చుని మీ ఆవిడతో మాట్లాడుకుని తేల్చుకోండి. అప్పుడు జెడ్ కొనడంలో తప్పేమీ లేదు, బుష్‌లూ టైర్లూ చూపించి ధర తగ్గించమని అడగండి. నాలుగు కిలోమీటర్ల ప్రయాణం ఏ ఇంజిన్‌కీ మంచిది కాదు గానీ ఆ వీ6 దాన్ని ఓర్చుకుంటుంది. ఆయిల్ మాత్రం చెప్పిన గడువు కన్నా ముందే మారుస్తూ ఉండండి.

కంప్రెషన్ పరీక్ష చేయిస్తే ఆ ఆరు అంకెలూ, స్టార్టర్ తిరిగిన వేగమూ రాసి పంపండి. వేగం రాయకపోతే అంకెల్ని బట్టి ఏమీ చెప్పలేం. అవి చూసి ఆ ఇంజిన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అంతవరకూ ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.